అడగడంలోని పనితనం

రొమ్ము కాన్సర్ జన్యు పరీక్షకు ఇవాళ పెద్ద హంగామా అక్కర్లేదు. చిన్న గొట్టంలో కాస్త ఉమ్మి పట్టి పోస్టులో పంపితే కొన్ని వారాల్లో ఫలితం వచ్చేస్తుంది. అసలు పని ఆ ఫలితానికి ముందూ వెనకా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న స్త్రీ ఏం తెలుసుకోవాలని వచ్చిందో కనిపెట్టి, ఆమెకు పనికొచ్చేలా చెప్పడం ఆ పని. దాని పేరు జెనెటిక్ కౌన్సెలింగ్. రొమ్ము కాన్సర్ విషయంలో ఈ విద్యకు తమ ప్రశ్నలతో పదును పెట్టినవాళ్లలో యూదు స్త్రీలు ముందుంటారు. నేర్పు తెలిసిన కౌన్సెలర్ వాళ్లతో గడిపే గంటసేపటిని దగ్గరగా చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కాస్త నేపథ్యం. మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులను అష్కెనాజీలు అంటారు. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్, హంగరీల నుంచి వలసపోయి న్యూయార్క్‌లో, లండన్‌లో, టొరంటోలో, టెల్ అవీవ్‌లో స్థిరపడినవాళ్లు చాలామంది వీళ్లే. చిన్న సమూహంగా మొదలై, శతాబ్దాలపాటు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగిన జనం. ఎప్పుడో ఒక పూర్వీకుడిలోనో పూర్వీకురాలిలోనో వచ్చిన జన్యు మార్పు అందుకే నేటికీ వేలమందిలో అక్షరం తేడా లేకుండా కనిపిస్తుంది.

1990లో మేరీ-క్లేర్ కింగ్ అనే శాస్త్రవేత్త, రొమ్ము కాన్సర్‌ను వంశపారంపర్యంగా తెచ్చే జన్యువు ఒకటి 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది, అదే బ్రాకా1. మరుసటి ఏడాది బ్రాకా2 దొరికింది. అదే 1995లో, వేరే జన్యువ్యాధుల పరీక్షల కోసం అష్కెనాజీలు ఎప్పుడో ఇచ్చిన నమూనాలను వెతికి చూస్తే, నూటికి దాదాపు ఒకరిలో బ్రాకా1లో ఒకేచోట రెండక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. 185డెల్‌ఏజీ అని దానికి పేరు. తర్వాత మరో రెండు బయటపడ్డాయి. బ్రాకా1లోనే ఒక అక్షరం ఎక్కువైన 5382ఇన్స్‌సీ ఒకటి, బ్రాకా2లో ఒక అక్షరం తక్కువైన 6174డెల్‌టీ ఇంకొకటి. అక్షరం జారినచోటి నుంచి జన్యువును చదివే వరుస గాడి తప్పుతుంది. తెగిన డీఎన్ఏను అతకాల్సిన ప్రొటీన్ అర్ధాంతరంగా ఆగిపోతుంది. ఈ మూడింట్లో ఏదో ఒకటి అష్కెనాజీల్లో 40 మందిలో ఒకరికి ఉంటుంది. మిగతా జనంలో బ్రాకా మార్పులు సుమారు 400 మందిలో ఒకరికే.

ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ సమాజమే. వాషింగ్టన్ పరిసరాల్లో 5,300 మందికి పైగా యూదు స్త్రీపురుషులు వేలు గుచ్చుకుని రక్తపు చుక్కలిచ్చారు. 70 ఏళ్లు వచ్చేసరికి ఈ మార్పులున్న స్త్రీలలో నూటికి 56 మందికి రొమ్ము కాన్సర్ రావచ్చని 1997లో ఆ అధ్యయనం లెక్క తేల్చింది. నమూనాల మీద పేర్లు లేవు కాబట్టి ఎవరి ఫలితం వాళ్లకు అందలేదు. శాస్త్రానికి జవాబు దొరికింది, రక్తమిచ్చిన ఆమెకు దొరకలేదు. పైగా పత్రికల్లో ఇదంతా ‘యూదుల జన్యువు’ అన్నట్టు ప్రచారమైంది. బీమా కంపెనీలు ఏం చేస్తాయో, ఉద్యోగాలిచ్చేవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ పట్టుకుంది. యూదు మహిళా సంఘాలు జన్యు వివక్షను ఆపే చట్టం కోసం పట్టుబట్టాయి. అమెరికాలో ఆ చట్టం 2008లో వచ్చింది. ఆరోగ్య బీమాకూ ఉద్యోగానికీ రక్షణ ఇచ్చింది కానీ జీవిత బీమాను వదిలేసింది. ఈ లొసుగును పరీక్ష చేయించుకోకముందే చెప్పడం మంచి కౌన్సెలర్ లక్షణం. జీవిత బీమా తీసుకునే ఆలోచన ఉంటే ఆ పని ముందే చూసుకోవడానికి ఆమెకు వీలుండాలి.

ఈ వృత్తి పుట్టుకలోనే ఒక జాగ్రత్త ఉంది. ‘జెనెటిక్ కౌన్సెలింగ్’ అన్న మాటను 1947లో షెల్డన్ రీడ్ వాడుకలోకి తెచ్చారు. మంచి సంతానం పేరుతో మనుషులను ఏరివేసే యూజెనిక్స్ ఛాయ ఈ రంగం మీద పడకుండా చూడాలని ఆయన ఆరాటం. దీన్ని చదువుగా నేర్పే మొదటి కోర్సు 1969లో న్యూయార్క్ దగ్గర సారా లారెన్స్ కాలేజీలో మొదలైంది. ఫలానాది చేయమని చెప్పకూడదు, తెలియజేసి నిర్ణయాన్ని ఎదుటివారికే వదలాలి అన్నది ఈ వృత్తి మొదటి పాఠం. 1933లో నాజీ జర్మనీ వంశదోషం పేరుతో బలవంతపు స్టెరిలైజేషన్ చట్టం తెచ్చింది. ఆ వరుసలో తర్వాత ఏమేం జరిగిందో యూదు కుటుంబాలకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ‘మీ జాతి’, ‘మీ రక్తం’ అని తెల్లకోటు వేసుకున్న మనిషి నోరుజారితే ఆ గదిలో ఎంత దూరం పెరుగుతుందో తెలిసినవాళ్లు మాటను ఆచితూచి వాడతారు. ‘మీ పూర్వీకులు ఏ ఊళ్ల నుంచి వచ్చారు?’ అని అడుగుతారు.

ఇక పనిలోకి వెళ్దాం. బ్రూక్లిన్ నుంచి 34 ఏళ్ల స్త్రీ ఒకామె వచ్చిందనుకుందాం. ఇద్దరు పిల్లలు. ‘మా ఇంట్లో ఎవరికీ కాన్సర్ లేదు, స్నేహితురాలు చేయించుకోమంటే వచ్చాను’ అంది. కౌన్సెలర్ ఒక కాగితం తీసి మధ్యలో వలయం గీసి పక్కన బాణం గుర్తు పెడుతుంది. వచ్చినామె అదీ. స్త్రీకి వలయం, పురుషుడికి చతురస్రం. చనిపోయినవాళ్ల మీదుగా ఏటవాలు గీత. కాన్సర్ వచ్చినవాళ్ల గుర్తులో కొంత భాగం నల్లగా నింపి, ఏ వయసులో వచ్చిందో కింద రాస్తారు. ఎవరు ఎక్కడ గీసినా ఒకేలా అర్థం కావాలని అమెరికా కౌన్సెలర్లు 1995లో ఈ గుర్తులను ప్రామాణికం చేసుకున్నారు.

గుర్తులు వారంలో వస్తాయి. ప్రశ్నలు రావడానికి ఏళ్లు పడుతుంది. మన పెళ్లిళ్ల పేరయ్యలా అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు ఓపిగ్గా కదపాలి. చాలామంది తల్లి వైపు మాత్రమే చెప్పి ఊరుకుంటారు. రొమ్ము కాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి ఆడవాళ్ల ద్వారానే వస్తుందని ఒక నమ్మకం. నిజానికి ఈ మార్పు తండ్రి నుంచైనా తల్లి నుంచైనా సమానంగా, సగానికి సగం అవకాశంతో వస్తుంది. తండ్రి ఏ జబ్బూ లేకుండా దాన్ని దాటించేయగలడు.

‘మీ నాన్నగారి వైపు?’

‘అటు మా మేనత్త ఒకామె కడుపులో కాన్సర్‌తో పోయిందన్నారు. నేను పుట్టకముందే.’

‘కడుపులో అంటే ఎక్కడో ఎవరికైనా తెలుస్తుందాండీ? పొట్ట బాగా ఉబ్బిందని గానీ, నీళ్లు తీసేవారని గానీ చెప్పుకునేవాళ్లా?’

ఈ ఒక్క ప్రశ్నలో పనితనమంతా ఉంది. వెనకటి తరం ఇళ్లలో అండాశయ కాన్సర్ పేరు పలికేవాళ్లు కాదు. అది ‘కడుపు జబ్బు’ అయ్యేది. లక్షణాన్ని బట్టి అడిగితే ఇంట్లో చెప్పుకునే కథలోంచి జబ్బు బయటికొస్తుంది. అలాగే ‘పిన్నికి ఆపరేషన్ అయిందా? గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?’ అని అడుగుతారు. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే అక్కడ రావాల్సిన కాన్సర్ రాకుండా పోతుంది. వంశవృక్షంలో ఆమె ఆరోగ్యవంతురాలిగా కనిపిస్తుంది. కాగితం ఎక్కడెక్కడ అబద్ధం చెప్పగలదో తెలిసినవాళ్లే దాన్ని సరిగా గీయగలరు.

తర్వాత అమ్మమ్మ దగ్గరికి వస్తారు. అక్కచెల్లెళ్లు ఎంతమంది? ఐదుగురు, అమ్మమ్మ ఒక్కతే బతికి బయటపడింది. కాగితం మీద ఐదు వలయాలు. నాలుగింటి మీద ఏటవాలు గీతలు, నాలుగింటి కిందా 1942. అష్కెనాజీ కుటుంబాల వంశవృక్షాల్లో ఈ రకం వరుస కౌన్సెలర్లకు కొత్త కాదు. హోలోకాస్ట్‌లో పోయిన యువతులు వాళ్లు. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. పేర్లు చెప్పాలనుకుంటే చెప్పనిస్తారు, చెప్పినవి రాసుకుంటారు. ఆ తర్వాతే వైద్యం మాట వస్తుంది: ‘ఈ నలుగురికీ కాన్సర్ వచ్చే వయసే రాలేదు. అందుకని మీ ఇంట్లో కాన్సర్ లేదని ఈ కాగితాన్ని పట్టుకుని చెప్పలేం.’

దీని వెనక గట్టి లెక్క ఉంది. ఒక వైపు కుటుంబంలో 45 ఏళ్లు దాటి బతికిన స్త్రీలు ఇద్దరికంటే తక్కువ ఉంటే, కుటుంబ చరిత్రను బట్టి వేసే అంచనాలు బ్రాకాను తక్కువగా చూపిస్తాయని 2007లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. కింగ్ బృందం న్యూయార్క్‌లో రొమ్ము కాన్సర్ వచ్చిన 1,008 మంది అష్కెనాజీ స్త్రీలను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లలో నూటికి పదిమందికి ఈ మూడు మార్పుల్లో ఒకటి ఉంది. ఆ పదిమందిలో దాదాపు సగం మంది ఇళ్లలో చెప్పుకోదగ్గ కాన్సర్ చరిత్ర లేదు. కుటుంబాలు చిన్నవి కావడం, మార్పు తండ్రి వైపు నుంచి రావడం అందుకు ముఖ్య కారణాలు. కౌన్సెలర్ నల్ల మచ్చలను లెక్కపెట్టినంత శ్రద్ధగా 45 దాటిన వలయాలను కూడా లెక్కపెట్టేది ఇందుకే.

ఇంతకీ ఈ స్త్రీలు ఏం కోరుకుంటున్నారు? 1990ల చివరి నుంచి అమెరికా, కెనడా, బ్రిటన్, ఇజ్రాయెల్ పరిశోధకులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. మళ్లీ మళ్లీ వినిపించే జవాబులు కొన్ని ఉన్నాయి. పిల్లల కోసం, అక్కచెల్లెళ్ల కోసం తెలుసుకోవాలన్నది అందులో ముందుంటుంది. తెలిస్తే ఏదైనా చేయవచ్చన్నది రెండోది. తేలకుండా నలగడంకంటే తేలిపోవడం నయమన్నది మూడోది. వెనక్కి లాగేవి భయం, బీమా, ‘మా వాళ్ల మీద మచ్చ’ అన్న సంకోచం. జన్యుశాస్త్రం పాఠం కావాలని అడిగేవాళ్లు తక్కువ. అందుకే నేర్పరులు క్రోమోజోమ్ బొమ్మతో మొదలుపెట్టరు. ‘ఇవాళ ఇక్కడి నుంచి వెళ్లేటప్పటికి మీకు ఏ ఒక్క సంగతి తేలిపోతే బాగుంటుంది?’ అని అడుగుతారు. ఒకామెకు అది ఆపరేషన్, ఇంకొకామెకు కూతురు. మూడో బిడ్డను కనాలా ఆగాలా అన్నది మరొకామె ప్రశ్న. ఆ జవాబును బట్టి గంటలో మిగతా భాగం మలుపు తిరుగుతుంది.

అంకెలు చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. వందమంది స్త్రీల బొమ్మలు వరసగా ముద్రించిన కాగితం బల్ల మీద పెడతారు. 2017లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేసరికి బ్రాకా1 మార్పున్న వందమందిలో 72 మందికి, బ్రాకా2 ఉన్న వందమందిలో 69 మందికి రొమ్ము కాన్సర్ రావచ్చు. మామూలుగా అమెరికా స్త్రీలలో అది వందకు 12, 13. అండాశయ కాన్సర్ బ్రాకా1లో వందకు 44, బ్రాకా2లో 17. మామూలుగా ఒకటి, రెండు మధ్య. ఎప్పుడూ ‘వందమందిలో’ అనే చెబుతారు. ఒకసారి శాతాల్లో, ఒకసారి ‘ఇన్ని రెట్లు’ అని మార్చి మార్చి చెబితే వినేవాళ్లు దారి తప్పుతారు. 72 మందికి రంగు వేసి చూపించాక, రంగు వేయని 28 మందిని కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఇదంతా ఒక్క ఏడాదిలో మీదపడే ముప్పు కాదని, ఏ పదేళ్లకు ఎంతో విడదీసి చెబుతారు.

చివర్లో పరీక్ష కౌన్సెలర్ తనకే పెట్టుకుంటుంది. ‘ఇంటికెళ్లి మీ చెల్లెలికి ఏమని చెబుతారు?’ ‘నాకు కాన్సర్ ఖాయమని చెబుతాను’ అని ఆమె అంటే, అప్పటిదాకా చెప్పింది చేరలేదని అర్థం. తప్పు వినేవాళ్ల మీదికి నెట్టకుండా ఇంకో దారిలో మళ్లీ చెబుతారు.

ఫలితం వచ్చాక విప్పి చెప్పడం మరో విద్య. ‘లేదు’ అన్న ఒక్క మాటకు రెండు రకాల బరువుంటుంది. తల్లికి 185డెల్‌ఏజీ ఉండి కూతురికి లేదని తేలితే, ఆ వైపు నుంచి వచ్చే పెద్ద ముప్పు ఆమెకు తప్పినట్టే. ఇంట్లో ముగ్గురికి కాన్సర్ వచ్చి, ఎవరికీ ఏ మార్పూ దొరకలేదనుకోండి. అప్పుడు మూడు మార్పులూ లేవన్న ఫలితం ఆమెకు అంత ధైర్యం ఇవ్వదు. వేరే చోట వేరే మార్పు ఉండవచ్చు, జన్యువుల్ని పూర్తిగా చదివించాల్సి రావచ్చు. తల్లి వైపు ఒక మార్పు తెలిసినా, అష్కెనాజీలకు మూడింటినీ పరీక్షిస్తారు. తండ్రి వైపు నుంచి రెండోది వచ్చి ఒకే మనిషిలో రెండూ ఉన్న సందర్భాలు వైద్యులు చూశారు.

మార్పు ఉందని తేలినవాళ్ల ముందు దారులు కొన్నే. అమెరికా మార్గదర్శకాల ప్రకారం 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్. రొమ్ములు ముందే తీయించుకుంటే ముప్పు 90 శాతం పైగా తగ్గుతుంది. అండాశయ కాన్సర్‌ను తొలిదశలో నమ్మకంగా పట్టుకునే పరీక్ష లేదు. కాబట్టి పిల్లలు పుట్టడం అయ్యాక, బ్రాకా1 అయితే 35, 40 మధ్య, బ్రాకా2 అయితే 40, 45 మధ్య అండాశయాలూ అండనాళాలూ తీయించుకోమని సలహా. ఇక్కడే ఆ ప్రశ్న వస్తుంది: ‘మీరైతే ఏం చేస్తారు?’ పాత పాఠం ప్రకారం జవాబివ్వకూడదు. కానీ మౌనంగా ఉండిపోతే ఆమెను ఒంటరిగా వదిలేసినట్టవుతుంది. పని తెలిసినవాళ్లు తమ జవాబు చెప్పకుండా ప్రశ్నను విప్పుతారు. ఎంఆర్ఐ ఫలితం కోసం ఏటా ఎదురుచూడటం మీరు తట్టుకోగలరా? ఆపరేషన్ తర్వాత అద్దంలో చూసుకోవడం ఎలా ఉంటుందనుకుంటున్నారు? ఐదేళ్ల తర్వాత ఏది చేయనందుకు ఎక్కువ బాధపడతారు? అండాశయాల విషయంలో మాత్రం వైద్యం ఏం సిఫారసు చేస్తోందో సూటిగానే చెబుతారు. తటస్థత ఎక్కడ ఆపాలో తెలియడం కూడా నేర్పే.

సంప్రదాయ యూదు కుటుంబాల్లో ప్రశ్నలు మరింత చిక్కగా ఉంటాయి. బ్రూక్లిన్‌లో రబ్బీ (యూదు మతగురువు) జోసెఫ్ ఎక్‌స్టైన్ 1983లో ‘దోర్ యెషోరిం’ అనే సంస్థ పెట్టారు. టే-శాక్స్ అనే ప్రాణాంతక జన్యువ్యాధితో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన. యువతీయువకుల రక్తం పరీక్షించి ఒక్కొక్కరికీ ఒక అంకె ఇస్తారు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు రెండంకెలూ చెబితే పొత్తు కుదురుతుందో లేదో చెబుతారు. ఎవరిలో ఏ జన్యువు ఉందో వాళ్లకే తెలియదు కాబట్టి ఎవరి మీదా మచ్చ పడదు. టే-శాక్స్‌కు ఇది చక్కగా సరిపోయింది, ఎందుకంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే మార్పు వస్తే ఏ జబ్బూ రాదు. బ్రాకా అలా కాదు. ఒక్కరి నుంచి వచ్చినా ముప్పు ఆమెకే, తెలిస్తేనే ప్రాణం కాపాడుకోగలదు. పెళ్లి కావాల్సిన 22 ఏళ్ల అమ్మాయి ఇప్పుడే తెలుసుకోవాలా, తెలిస్తే వరుడికి ఎప్పుడు చెప్పాలి, చెల్లెళ్ల సంబంధాల మాటేమిటి? కౌన్సెలర్ ఆ ఇంటి రబ్బీని అడ్డంకిగా చూడదు, ఆమె కోరితే ఆయనతోనూ మాట్లాడుతుంది. ఎంఆర్ఐ 25కి మొదలవుతుంది కాబట్టి మూడేళ్ల వ్యవధి చేతిలో ఉందని గుర్తు చేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లకే రొమ్ము కాన్సర్ వచ్చిన రోషెల్ షోరెట్జ్ 2001లో న్యూజెర్సీలో ‘షర్షెరెట్’ సంస్థ పెట్టడానికి వెనకున్నది ఈ అవసరమే. తన ఆచారాలు తెలిసిన మనిషితో, మొదటి నుంచీ అన్నీ వివరించుకోకుండా మాట్లాడే వీలు.

ఇటీవల ఈ పని రూపం మారుతోంది. 2014లో జెరూసలేంలోని షారే జెడెక్ ఆసుపత్రి నుంచి ఎఫ్రత్ లెవీ-లహాద్, మేరీ-క్లేర్ కింగ్‌తో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిది వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన అష్కెనాజీ పురుషులను పరీక్షించి, మార్పు ఉన్నవాళ్ల ఇళ్లలోని స్త్రీలను కలిశారు. కుటుంబ చరిత్రతో నిమిత్తం లేకుండా ఎంచిన ఆ స్త్రీలలో మార్పు ఉన్నవాళ్లకూ ముప్పు ఎక్కువగానే ఉంది. లండన్‌లో రంజిత్ మన్చందా బృందం వెయ్యిమందికి పైగా యూదులను చేర్చుకుని జరిపిన పరీక్షలో, కుటుంబ చరిత్రను మాత్రమే చూస్తే సగానికి పైగా బ్రాకా మార్పులు దొరక్కుండా పోతాయని తేలింది. ఇజ్రాయెల్ 2020లో అష్కెనాజీ స్త్రీలందరికీ ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష ప్రకటించింది. ఇంగ్లండ్‌లో 2024లో, అమ్మమ్మ, తాతయ్య, నానమ్మల్లో ఒక్కరు యూదు అయినా చాలు, ఇంటికే ఉమ్మి గొట్టం పంపే పథకం మొదలైంది.

ఇంతమందికి తలా ఒక గంట కేటాయించడం అయ్యే పని కాదు. లండన్ బృందమే ముందు చెప్పాల్సిన సంగతులను వీడియోగా తీసి, ఎదురుగా కూర్చుని చెప్పినదానితో పోల్చి చూసింది. అర్థం కావడంలో, సంతృప్తిలో తేడా రాలేదు. మంచి వీడియోకు, మంచి కరపత్రానికి కౌన్సెలర్ అనుభవమే ముడిసరుకు. ఏ ప్రశ్న ఎక్కడ వస్తుందో తెలిసినవాళ్లే అలాంటివి రాయగలరు. అలా మిగిలిన గంటలు, మార్పు ఉందని తేలినవాళ్లకు, ఇంట్లో వరుసగా కాన్సర్లున్నా ఏమీ దొరకనివాళ్లకు దక్కుతున్నాయి. మనిషి అవసరం ఉన్నచోటే మనిషిని పెట్టడం కూడా పనితనంలో భాగమే.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 185డెల్‌ఏజీ దక్షిణ భారతంలోని రొమ్ము కాన్సర్ రోగుల్లోనూ కనిపించింది. ఒక భారతీయ కుటుంబంలో అది యూదులతో సంబంధం లేకుండా విడిగా పుట్టిందని తేల్చారు. 2017లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల ముద్ర అష్కెనాజీలకంటే గాఢంగా ఉందని తేలింది. మన వైశ్యుల్లో ఆపరేషన్‌కు ముందిచ్చే కండరాల సడలింపు మందు ఒంటికి పడకపోవడానికి కారణమయ్యే జన్యు మార్పు ఎక్కువగా ఉండటం ఆ అధ్యయనం చూపిన ఉదాహరణల్లో ఒకటి. కులంలోనే పెళ్లి, మేనరికం మనకూ ఉన్నాయి. ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అన్న మాటా, పేరు చెప్పని కడుపు జబ్బూ, సంబంధాలు తప్పిపోతాయన్న భయమూ మనకూ ఉన్నాయి. ఉమ్మి గొట్టాలు మన ఊళ్లకూ చేరుతున్నాయి. నాన్నగారి వైపు సంగతి అడిగే మనిషి, ‘లేదు’ అన్న ఫలితం బరువు విప్పి చెప్పే మనిషి మాత్రం మనకు చాలా తక్కువ. పరీక్షకు ధర కట్టేటప్పుడు ఆ మనిషి జీతాన్ని కూడా అందులో కలుపుకోవాలన్నది, యూదు స్త్రీల ముప్పై ఏళ్ల అనుభవం నుంచి మనం ముందుగా నేర్చుకోవాల్సిన పాఠం.